తొక్కక్కర్లేని సైకిలు

కొత్తగా నేర్చుకునేవాళ్లు కలిసి సైకిల్ తొక్కే గుంపు కోసం నూకరత్నం మూడు నెలలు వెతికింది. యాభయ్యో ఏట సైకిలేమిటని ఇంట్లో నవ్విన వాళ్ల మీద కోపంతోనే ఆదివారం పొద్దున్న విశాఖ బీచ్ రోడ్డుకొచ్చింది.

స్టాండు లేకుండానే ఇరవై సైకిళ్లు నిటారుగా నిలబడి ఉన్నాయి. అందరూ ఎక్కి కూర్చోగానే అవే కదిలాయి. పెడళ్లు వాటంతటవే తిరుగుతున్నాయి. నూకరత్నం కావాలనే హ్యాండిల్ పక్కకు లాగింది. సైకిలు మెత్తగా సర్దుకుని తిన్నగా పోయింది. కాసేపటికి, "మీకు సైకిల్ తొక్కడం వచ్చేసింది, అభినందనలు," అని పలికింది.

ఆ మాటకి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఏటమ్మా ఇది? నేను తొక్కనే లేదు కదా," అని గుంపును నడిపించే లిఖితను నిలదీసింది.

"తొక్కక్కర్లేదాంటీ, ఎక్కితే చాలు. ఎవరూ పడిపోరు."

"అయితే ఇది తొక్కే సైకిలు కాదు, తొక్కలో సైకిలు."

నూకరత్నం దిగి, సీటు కింద బ్యాటరీ ఊడబెరికి లిఖిత చేతిలో పెట్టింది. మళ్లీ ఎక్కి, రెండు గజాలు పోకుండానే పడింది. మోకాలు చీరుకుపోయింది. లిఖిత బిక్కచచ్చిపోయింది. మనిషి సైకిల్ మీంచి పడడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు.

చిన్నప్పుడు తమ్ముడికి నేర్పుతూ సైకిల్ వెనకాల నాన్న పరుగెత్తడం నూకరత్నం గుమ్మంలోంచి చూసింది. ఆడపిల్లకెందుకని తనను ఎక్కనివ్వలేదు.

"ఆ బ్యాటరీ కింద పెట్టి, వెనక పట్టుకో," అంది లేస్తూ.

"ఎలా పట్టుకోవాలాంటీ? నాకెవరూ పట్టుకోలేదు."

"రెండు చేతుల్తో సీటు పట్టుకుని పరిగెత్తు. సీటు ఒగ్గేసినప్పుడు మాత్రం నాకు చెప్పకు."