రెండు కుర్చీలు

ఎమర్జెన్సీ వార్డు తలుపు దగ్గర తండ్రి గంట నుంచి గొడవపడుతున్నాడు, పక్కనే తల్లి నిలబడి ఉంది. లోపల ఆరేళ్ల కూతురికి ఊపిరి అందడం లేదు.

"ఒక్కసారి చూడనివ్వండమ్మా, మీకు పుణ్యముంటుంది!"

"డాక్టర్లకు అడ్డం రాకన్నా," అని నర్సు తలుపేసేసింది.

కాసేపటికి ఆమే తలుపు తీసి, "ఇద్దరూ రండి. పాప చెయ్యి పట్టుకుని ఎంతసేపైనా కూర్చోండి," అంది. మంచం పక్కన రెండు కుర్చీలు వేసి ఉన్నాయి.

తండ్రి మొహం వెలిగిపోయింది. "చూశావా? అడగందే అమ్మైనా పెట్టదు. నోరు చేసుకున్నాను కాబట్టే రానిచ్చారు," అన్నాడు భార్యతో.

ఆమె మరో ఆసుపత్రిలో పదేళ్లుగా ఆయా. డాక్టర్లు చేతులెత్తేశాక, అమ్మానాన్నలకు మంచం పక్కన కుర్చీలు వేయడం అక్కడ ఆమె పని.

"అవునయ్యా, నువ్వు అడగబట్టే," అంటూ అతన్ని లోపలికి నడిపించింది.