లేని తాడు

పాత యజమాని ఆ గాడిద పారిపోకుండా ముందుకాళ్ళు రెండూ కలిపి కట్టేవాడు. చర్చి పాస్టరు దాన్ని కొన్న రోజే ఆ తాడు కోసి పారేశాడు. అయినా గాడిద రెండు కాళ్ళూ దగ్గరపెట్టి గెంతుతూనే తిరిగింది. ఎండలకి చర్చి ఆవరణలో గడ్డి మాడిపోయింది. పచ్చిక కాలువ అవతల ఉంది. గెంతుతూ కాలువ దాటలేక గాడిద మూడు రోజులుగా పస్తులుంటోంది.

"రోజూ జానెడు ఎక్కువ గెంతు బావా, అదే అలవాటవుతుంది," అంది మేక.

"గెంతాను. మోకాళ్ళు పగిలాయి."

చర్చి కిటికీలో కాపురముండే గువ్వ నవ్వింది. "గెంతడం ఎందుకే మేకా? అన్నా, నువ్వెవరి గాడిదవి?"

"కట్టేసినవాడి... కాదు కాదు, కట్టు కోసినవాడి గాడిదను."

"ఆ మాట నమ్మి నడు. యేసయ్య విడిపించిన మనుషులు కూడా లేని తాడు మోస్తున్నారని పాస్టరు ఆదివారం ఆదివారం మొత్తుకుంటాడు."

గాడిద తన కాళ్ళను చాలాసేపు చూసుకుంది. "నేనిప్పుడు ఆ పాత యజమాని గాడిదను కాను," అంది. కుడికాలు ఒక్కటే ఎత్తి కాలువలో పెట్టింది. ఎడమకాలు గట్టు మీదే నిలిచింది.

సాయంత్రానికి అది అవతల మేస్తోంది. మధ్యమధ్య ఒక గెంతు వేసి, గుర్తొచ్చి ఆగి, మళ్ళీ నడుస్తోంది.