చేపలు బతికిన నీళ్ళు

ల్యాబ్ తలుపు తీయగానే కరెంటు గుండె గుభేలుమంది. గాజు తొట్టెలో ఎర్ర చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి.

కరెంటు అంటే మనిషే. బడిలో ఎక్కడ ఫ్యాను ఊరికే తిరుగుతున్నా పరుగెత్తుకెళ్ళి ఆపేసే తొమ్మిదో తరగతి కుర్రాడు, కరెంటు ఆదా టీమ్‌కి లీడరు. అసలు పేరుతో పిలిచేది ఒక్క వాళ్ళమ్మే. ఇవాళ పోటీ. బడిలో పర్యావరణ సమస్య ఏదో ఒకటి పట్టుకుని, దాన్ని ఎవరు బాగా పరిష్కరిస్తే వాళ్ళకి షీల్డు. చార్టులు అంటించుకుందామని అందరికన్నా ముందొచ్చాడు.

తొట్టె అతని టీమ్‌ది కాదు, నీళ్ళ టీమ్‌ది. దాని లీడరు అతని క్లాసు పిల్లే. అందరూ ఫిల్టరమ్మ అంటారు. తాగే నీళ్ళు కంపుకొడుతున్నాయని పాత డ్రమ్ములో ఇసుకా, బొగ్గూ నింపి ఫిల్టరు తయారుచేసింది. నిన్న మధ్యాహ్నం ఆ ఫిల్టరు నీళ్ళే తొట్టెలో పోసి, పక్కన అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసింది: "ఈ నీళ్ళలో చేపలు హాయిగా ఉన్నాయి. మనకేం భయం?"

నిన్న సాయంత్రం ఇంటికెళ్తూ ల్యాబ్‌లో స్విచ్చులన్నీ టపటపా కట్టేసింది కరెంటే. అందులో తొట్టెకి గాలి కొట్టే మోటారు స్విచ్చూ ఉంది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి.

"చంపేశాన్రా బాబోయ్!" అని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. కావాలనే చేశాడంటారు. గెలవడానికి పక్క టీమ్ చేపల్ని చంపాడంటారు. అనేవాళ్ళ సంగతి అలా ఉంచినా, పాపం ఆ పిల్ల ఒళ్ళు హూనం చేసుకుంది. బొగ్గు కడిగీ కడిగీ గోళ్ళన్నీ నల్లబడిపోయాయి. ఆ గోళ్ళు తల్చుకుంటే అతనికి ఏడుపు తన్నుకొచ్చింది.

చచ్చిన చేపల్ని తీసి బడి వెనకాల మట్టిలో పూడ్చేశాడు. మోటారు స్విచ్చు వేసి, వెనక్కి కూడా చూడకుండా ఇంటికి పరుగు తీశాడు. ఇంట్లో, అదే బడిలో ఒకటో తరగతి చదివే చెల్లి పెంచుకుంటున్న చేపలున్నాయి. అవీ తొట్టెలో చేపలు కొన్న కొట్టువే, అచ్చం అలాంటివే.

"అన్నయ్యా! నా చేపలు ఎక్కడికి?"

"షికారుకి. సాయంత్రం తెచ్చిచ్చేస్తాలే."

"అమ్మా! అన్నయ్య నా చేపల్ని పట్టుకుపోతున్నాడే!"

"పొద్దున్నే ఏంట్రా ఆ గోల?" వంటింట్లోంచి అమ్మ అరిచేసరికి అతను వీధి మలుపు తిరిగిపోయాడు.

తొట్టెలో చేపల్ని వదిలి చేతులు తుడుచుకున్నాడో లేదో, జడ్జిలు వచ్చేశారు. అందరిలోకీ పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని తొట్టెలోకి వంగాడు.

"భలే హుషారుగా ఉన్నాయే!"

"నిన్నటి నుంచీ మా నీళ్ళలోనే ఉన్నాయండీ," అంది ఫిల్టరమ్మ మురిసిపోతూ. కరెంటు తల దించుకున్నాడు.

"డ్రమ్ము ఎక్కడిదమ్మా?"

"రంగుల కొట్టు వెనకాల పారేశారండీ. శుభ్రంగా కడిగి వాడుకున్నాం."

"శభాష్! చెత్తని కూడా వదల్లేదన్నమాట!" అని పెద్దాయన మార్కులు ఇంకాస్త పెంచాడు.

షీల్డు నీళ్ళ టీమ్‌కే వచ్చింది. హెడ్మిస్ట్రెస్ ఆనందం పట్టలేక, "ఇంకా ఆలస్యం దేనికి? ఈ పూట నుంచే పిల్లలందరికీ ఈ నీళ్ళే!" అని ప్రకటించారు. చిన్న తరగతుల పిల్లలు గ్లాసులు పట్టుకుని డ్రమ్ము ముందు బారులు తీరారు. కరెంటు చెల్లెలు అందర్నీ తోసుకుంటూ ముందుకెళ్ళి నిలబడింది.

అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఒక్కో చప్పట్టూ తన చెంప మీద పడుతున్నట్టే ఉంది కరెంటుకి.

"ఏంట్రా కరెంటూ, ఓడిపోయావని మొహం మాడ్చుకున్నావా?" ఫిల్టరమ్మ షీల్డు పట్టుకుని వచ్చింది. "సర్లే, ఒక రోజు మీ ఇంట్లో పెట్టుకో. ఏడవకు."

ఆ మాటకి బదులు తిట్టినా బాగుండేది.

"నీ చేపల్ని నేనే చంపేశాను," అన్నాడు.

"ఏంటీ?"

"నిన్న మోటారు స్విచ్చు కట్టేశాను. ఒట్టు, చూసుకోలేదు. పొద్దున వచ్చేసరికి అన్నీ చచ్చిపోయి ఉన్నాయి. ఇవి మా చెల్లి చేపలు. తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి. కావాలంటే జడ్జిల దగ్గరికి వెళ్ళి నేనే చెప్పేస్తా."

ఆమె తిట్టలేదు. అతని మొహంలోకి అయోమయంగా చూసింది.

"ఏ మోటారు?"

"అదే, మీ తొట్టెకి గాలి కొట్టేది."

"అది కరెంటు తినేస్తోందని రోజూ నా ప్రాణం తోడేసింది నువ్వే కదరా! నీ పోరు పడలేక పోయిన వారమే పీకేశాం. గాలి కోసం నీటి మొక్కలు వేశాం. అప్పట్నుంచీ చేపలు బాగానే ఉన్నాయి. ఆ స్విచ్చుకి ఇప్పుడేమీ తగిలించి లేదు."

కరెంటుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. పొద్దుటి నుంచీ గుండెల మీద కూర్చున్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది.

"హమ్మయ్య! అయితే అవి చచ్చింది నా వల్ల కాదన్నమాట!" అన్నాడు నవ్వేస్తూ.

ఫిల్టరమ్మ నవ్వలేదు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. షీల్డు అక్కడే పడేసి, గొంతు చిరిగిపోయేలా అరుస్తూ డ్రమ్ము వైపు పరుగెత్తింది.

"తాగకండి! ఎవ్వరూ తాగకండి!"