కబురు గుమాస్తా

హైదరాబాదులో నిశాంత్‌తో పనిచేసిన ఇరవై మంది ఉద్యోగాలు యంత్రాల పాలయ్యాయి. తన వంతు రాకముందే అతను మూడో వంతు జీతానికి ఒప్పుకుని, భార్యతో ఇచ్ఛాపురం వచ్చేశాడు. ఇది సర్కారు కొలువు. యంత్రాలు లాక్కోలేనిది. చావు కబురు మనిషే ఇంటికెళ్లి చెప్పాలని చట్టం ఉంది.

మొదటి ఇల్లు సముద్రం ఒడ్డున పోలమ్మది. వేటకెళ్లిన ఆమె భర్త పడవ మునిగింది. గుమ్మంలో కబురు గుమాస్తాలు తొడిగే బూడిదరంగు చొక్కా కనబడగానే ఆమె గబగబా లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది.

"ముందు తాగు బాబూ. ఎండలో పడొచ్చినావు."

తాగి, చెప్పబోయాడు.

"ఏ ఊరు బాబూ మీది?"

"హైదరాబాదమ్మా."

"అంత దూరం నుంచొచ్చినావా? జీతం బాగిస్తారేటి?"

"తక్కువేనమ్మా."

"పర్మినెంటేనా?"

"పర్మినెంటే."

"మరింకేటి! బతుక్కి ఢోకా లేదు."

ఇంకేదో అడగాలని ఆమె పెదవులు కదిలాయి. అడగడానికి ఏమీ దొరకలేదు.

నిశాంత్ ఖాళీ గ్లాసు ఆమె ముందుకు చాపాడు.

"ఇంకొంచెం నీళ్లివ్వండమ్మా."