గేరుబాక్సు మార్పిడి

"గేరుబాక్సు పోయింది సార్. ఇక లేవదు."

బండి కింద నుంచి బయటికి జరుగుతూ అన్నాడు మేస్త్రీ. బండి తెచ్చినాయన గొడుగు మూయకుండానే షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బయట వాన విడవకుండా కురుస్తోంది. ఆ పాత ఎస్‌యూవీని ఇంకో బండికి కట్టి లాక్కొచ్చారు.

"ఎలా పోయిందంటావు?"

"ఆయిల్ చుక్క లేదు. కింద బోల్టు వదులుగా ఉంది. ఆటోమేటిక్ గేరుకి ఆ ఆయిలే ప్రాణం సార్. అది లేకుండా నడిపేసరికి లోపలి ప్లేట్లన్నీ మాడి మసైపోయాయి."

"సర్వీసులో ఎవడో సరిగ్గా బిగించి ఉండడు," అన్నాడాయన నిట్టూరుస్తూ.

మేస్త్రీకి ఆయన పద్ధతి నచ్చింది. బండి చెడితే చాలామంది ముందు మెకానిక్ మీదే ఎగురుతారు. ఈయన గొంతు కూడా పెంచలేదు.

"బండి మా ఆవిడది. సోమవారం పక్క ఊళ్లో కొత్త ఉద్యోగంలో చేరాలి. రోజూ తనే నడుపుకుంటూ వెళ్లొస్తానంటోంది."

"అయితే దిగులే లేదు. ఇలాంటి బండే ఒకటి పాత సామాన్ల యార్డులో పడి ఉంది. ముందుభాగం నుజ్జయింది గానీ ఆటోమేటిక్ గేరుబాక్సు భేషుగ్గా ఉంది. తెచ్చి బిగించేస్తా."

"వద్దు. మాన్యువల్ వేసెయ్."

మేస్త్రీ చేతిలోని గుడ్డ పక్కన పడేశాడు. "అదేంటి సార్! క్లచ్చు, పెడళ్లు, వైరింగు, అన్నీ మార్చాలి. పనీ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే."

"ఖర్చు సంగతి నాకొదిలెయ్. ఆ ఆటోమేటిక్ మళ్లీ దారి మధ్యలో ఆగిపోయిందనుకో. చీకటి పడ్డాక, ఒంటరిగా, ఆ రోడ్డు మీద... నాకు కంటి మీద కునుకు పడుతుందా చెప్పు." ఆయన గొడుగు మూసి దగ్గరికి వచ్చాడు. "తనకి మాత్రం చెప్పకు. తెలిస్తే ఒప్పుకోదు."

మేస్త్రీ మనసు కరిగిపోయింది. తన ఇంట్లో ఫ్యాను తిరగక భార్య విసనకర్రతో కాలక్షేపం చేస్తోంది. ఊళ్లో బండ్లన్నీ బాగుచేసే తనకి ఆ ఫ్యాను వంక చూసే తీరిక దొరకలేదు. ఇలాంటి మగవాళ్లూ ఉంటారన్నమాట అనుకుని సిగ్గుపడ్డాడు.

వేరే పనులన్నీ పక్కన పెట్టి ఆ బండి మీదే పడ్డాడు. లోపల అంతా శుభ్రంగా ఉంది. డ్రైవరు కాళ్ల కింద పరిచిన రబ్బరు పట్టా కుడివైపు అరిగి చిల్లులు పడింది. ఎడమవైపు మాత్రం నిన్న కొన్నట్టే ఉంది. తలుపు పక్కన పట్టుకుని ఎక్కడానికి ఓ గట్టి పిడి అదనంగా బిగించి ఉంది. ఎత్తు బండి కదా, పొట్టి మనిషి కాబోలు అనుకున్నాడు.

శుక్రవారం ఆమే ఫోన్ చేసింది.

"అన్నా, నా బండి ఎలా ఉంది?"

"ఆపరేషన్ జరుగుతోందమ్మా. ప్రాణానికేం ఢోకా లేదు."

ఆమె పకపకా నవ్వింది. "సోమవారానికి లేచి తిరగాలన్నా. ఈ ఉద్యోగం కోసం ఎన్ని ఆఫీసుల మెట్లెక్కి దిగానో నాకే తెలుసు. ఆ రోజు చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు."

"అంతగా ఆలస్యమైతే ఆ ఒక్కరోజూ బస్సులో..."

"బస్సెక్కడం నా వల్ల కాదన్నా."

సుఖానికి అలవాటుపడ్డ ప్రాణం అనుకున్నాడు మేస్త్రీ. "పోనీ, సారు దింపుతారుగా?"



"ప్రతిదానికీ ఆయన్ని అడగకుండా బతుకుదామనే కదా అన్నా ఆ బండి కొనుక్కున్నాను," అంది మెల్లగా. మళ్లీ తనే సర్దుకుంది. "పాపం, ఆయనకీ ఆ బండంటే శ్రద్ధే. చెడిపోయే ముందురోజు కూడా కిందికి దూరి మరీ కడిగారు. ఇంతకీ మంచి గేరుబాక్సే వేస్తున్నారు కదా?"

మాన్యువల్ సంగతి నోటిదాకా వచ్చింది. సారు చెప్పొద్దన్నది గుర్తొచ్చి మింగేశాడు. "నిక్షేపంలాంటిది వేస్తున్నానమ్మా. నాదీ పూచీ."

ఫోన్ పెట్టేశాక ఎందుకో మనసు చివుక్కుమంది. ఆడమనిషికి అబద్ధం చెప్పినట్టయింది. ఆమె మంచికే కదా అని సర్దిచెప్పుకుని మళ్లీ బండి కింద దూరాడు. ఆదివారం తిండి కూడా మరచిపోయి పని పూర్తి చేశాడు.

సాయంత్రం తనే నడుపుకుంటూ వాళ్లింటికి వెళ్లాడు. వాన తగ్గింది గానీ ఆకాశం ఇంకా ముసురుగానే ఉంది. ఆమె పోర్టికోలో కుర్చీలో కూర్చుని, బండి చప్పుడు విని చేయి ఊపింది. నేల దాకా జీరాడే చీర, ఒళ్లో కొత్త ఆఫీసు బ్యాగు. భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మేస్త్రీ బండిని ఆమె కుర్చీ పక్కనే ఆపి, తాళం ఆమె చేతికిచ్చి, చుట్టూ తిరిగి అటువైపు సీట్లోకి వచ్చాడు. అప్పటికే ఆమె డ్రైవరు సీట్లోకి ఎక్కేసింది.

"సారు ఖర్చుకి వెనకాడలేదమ్మా," అన్నాడు మేస్త్రీ ఉత్సాహంగా. "ముందు ఎడమ కాలితో క్లచ్చు పూర్తిగా తొక్కండి. తర్వాత గేరు వేసి..."

ఆమె కిందికి చూసింది. తాళం పట్టుకున్న చేయి అలాగే ఉండిపోయింది. అంతసేపూ వెలిగిన మొహం నెత్తురు ఇంకిపోయినట్టు పాలిపోయింది.

"క్లచ్చెందుకు పెట్టావన్నా?" అంది.

"సారే పెట్టమన్నారమ్మా. మీ మంచి కోసమే..."

భర్త కిటికీ దగ్గరికి వచ్చి ఆమె భుజం మీద చేయి వేశాడు. "ఉద్యోగం పోతే పోయిందిలే. ఎక్కడికెళ్లాలన్నా నేను లేనూ?"

ఆమె కళ్లలో నీళ్లు చూసి మేస్త్రీ కంగారుపడ్డాడు. క్లచ్చు అలవాటు లేక భయపడుతోంది, గంటసేపు నేర్పితే అదే వస్తుంది అనుకున్నాడు. పెడల్ ఎలా తొక్కాలో చూపిద్దామని ఆమె వైపు వంగాడు.

ఆమెకు ఎడమ కాలు లేదు.