ఒక చీటీ తక్కువైంది

తలుపు తెరుచుకుంది. గాలి విసిరికొట్టింది. బల్ల మీది అరవై రెండు చీటీలూ హాలంతా చెల్లాచెదురయ్యాయి.

"అయ్యో!" అంది చీటీలమ్మాయి.

ఆస్పత్రిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తున్నారు. అక్కడి పాత వెబ్‌సైట్‌ను తీసేసి కొత్తది కట్టే పని ఆమెది. సైట్‌లో ఉండాల్సిన ఒక్కో విషయాన్నీ ఒక్కో చీటీ మీద రాసి, ఏది ఏ గుంపులోకి వస్తుందో హాల్లో ఓ మూల కూర్చుని తేలుస్తోంది. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. శుక్రవారం పెద్ద డాక్టరుగారు సరేనంటేనే నిలుస్తుంది.

రెండు రోజుల కష్టం అక్షరాలా గాలికి పోయింది.

చీటీలన్నీ ఏరింది గొడుగాయన.

ఎండా వానా లేకపోయినా చంకలో గొడుగుతో రోజూ కనిపించే పెద్దాయన. ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని లోపలికొస్తాడు, వాళ్ళని కూర్చోబెట్టి మళ్ళీ బయటికి పోతాడు. ఆయన మనిషెవరో లోపల మంచం మీద ఉండి ఉంటారు, పాపం పొద్దుపోక తిరుగుతున్నాడనుకునేది ఆమె.

ఆయన బల్ల మీద పెట్టిన చీటీలు చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది.

"అన్నీ ఇలా కలిపేశారేంటి బాబాయ్ గారూ?"

"కలపలేదమ్మా, విడదీశాను. ఇవి ఇంట్లో నింపాదిగా చూసుకునేవి. ఇవి ఆస్పత్రికి బయల్దేరే ముందు చూసేవి. ఇవేమో ఎవరూ చూడనివి."

చివరి రెండూ ఆమె చేతిలోనే పెట్టాడు. ఒకటి 'మా ఆశయాలు'. రెండోది 'పెద్ద డాక్టరుగారి సందేశం'.

నవ్వొచ్చింది. కోపంలో ఉంది కాబట్టి ఆపుకుంది.

"మరి ఇదొక్కటీ దూరంగా పెట్టారేం?"

బల్ల చివర ఒంటరిగా ఉంది, 'అత్యవసర విభాగం'.

"అది దేనితోనూ కలపకు తల్లీ. దానికోసం వెతికేవాడి చేతులు వణుకుతుంటాయి. రెండోసారి నొక్కే ఓపికుండదు."

"మాకో పద్ధతుంటుందండీ. ముందు శాఖలు, శాఖల్లో సేవలు, సేవల్లో అత్యవసరం."

"అంటే ప్రాణం మీదికొచ్చినవాడు మూడు మెట్లు దిగాలన్నమాట."

ఆమె ఆ చీటీని తీసి మళ్ళీ శాఖల గుంపులో పెట్టేసింది.

"పైగా ఒక చీటీ తక్కువైంది."

"లేదండీ, అరవై రెండూ ఉన్నాయి."

ఆయన పెన్ను అడిగి తీసుకుని, ఖాళీ చీటీ మీద రెండే మాటలు రాశాడు. *ఏ గేటు?*

"గేటు సంగతి సైట్‌లో ఎందుకండీ? గేటు దగ్గర బోర్డుంటుంది కదా!"

"బోర్డు చదివేది గేటు దాకా వచ్చాకే కదమ్మా," అని ఆయన గొడుగు సర్దుకుని బయటికి నడిచాడు.

పనిలేనివాళ్ళకి సలహాలకేం కొదవ అనుకుంది. ఆ చీటీని పెన్నుల డబ్బాలో పడేసి, మిగతావి తన పద్ధతిలోనే మళ్ళీ పేర్చుకుంది.

గురువారం హాల్లో పదిమందికి కొత్త సైట్ నమూనా ఉన్న ఫోన్ ఇచ్చి పరీక్ష పెట్టింది.

"మీ అమ్మగారికి గుండెనొప్పి. ఎక్కడికి తీసుకురావాలో చూసి చెప్పండి."

ఏడుగురు శాఖల్లో చిక్కుకుపోయారు. ఇద్దరు పెద్ద డాక్టరుగారి సందేశం దగ్గర ఆగిపోయారు. ఎలాగో దారి దొరికిన ఒక్కావిడ తలెత్తి అడిగింది:

"ఇంతకీ ఏ గేటు నుంచి రావాలమ్మా?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. పెన్నుల డబ్బా బోర్లించి ఆ చీటీ వెతుక్కుంది. ఏ గేటో లోపలి నర్సుల్ని అడిగి తెలుసుకుంది.

శుక్రవారం పెద్ద డాక్టరుగారు ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశారు.

"నా సందేశం ఏదమ్మా?"

"అడుగున ఉంది సార్. పైన ఇది ఉండాలి."

తెర తెరవగానే ఎర్రటి పట్టీ. 'అత్యవసరమా? వెనక గేటుకు రండి.' కిందే దారి.

"పాత సైట్‌లో తూర్పు గేటు అని ఉందేంటి సార్?"

"అదా..." ఆయన నీళ్ళు నమిలారు. "రెండేళ్ళ కిందట వెనక్కి మార్చాం. ఆ పేజీ దిద్దాల్సింది ఎవరో ఎవరికీ తెలీదు."

కాసేపు ఆ ఎర్రపట్టీనే చూసి, "ఇలాగే కానియ్యి," అన్నారు.

కొత్త సైట్ వచ్చింది. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. మెచ్చుకున్నప్పుడల్లా ఆమెకు గొడుగు గుర్తొచ్చేది. ఆ తెలివి తనది కాదని ఆయన ముందే ఒప్పుకోవాలనిపించింది. వారం తర్వాత హాలంతా వెతికింది. కనిపించలేదు.

మెయిన్ గేటు వాచ్‌మన్‌ని అడిగింది.

"గొడుగాయన రావట్లేదేం? వాళ్ళ పేషెంటుని డిశ్చార్జ్ చేశారా?"

"ఆయనకిక్కడ పేషెంటెవరూ లేరు మేడమ్."

"మరి రోజూ ఎందుకొచ్చేవారు?"

"ఆ మూసేసిన తూర్పు గేటు దగ్గర నిలబడ్డానికి. ఎవరైనా పొరపాటున పేషెంటుతో అటొస్తే, గొడుగెత్తి వెనక గేటుకి దారి చూపించేవాడు. ఒక్కోసారి బండి ముందు తనే పరిగెత్తేవాడు. ఎంతమంది బతికారో లెక్కలేదు!"

"మరిప్పుడేమయ్యారు?" అంది ఆమె.

"మీ సైటొచ్చాక కూడా వారం రోజులు నిలబడి చూశాడు. ఒక్కరూ అటు రాలేదు. 'ఇక నాతో పనిలేదయ్యా, ఆ చీటీలమ్మాయికి దండాలు చెప్పు' అని నిన్ననే వెళ్ళిపోయాడు."

"ఎక్కడుంటారు? పేరేంటి?"

"ఎప్పుడూ చెప్పలేదు మేడమ్. మేమూ అడగలేదు."

ఎంత గొప్ప మనిషిని పనిలేనివాడనుకుంది! ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఎవరో ఏమిటో తెలీనివాళ్ళ కోసం... ఆయనకెందుకంత తాపత్రయం?"

వాచ్‌మన్ తూర్పు గేటుకేసి చూశాడు.

"పోయినేడు ఆ పాత సైటు చూసుకుని, గుండెనొప్పితో ఉన్న భార్యని ఆయన తీసుకొచ్చింది ఆ గేటుకే మేడమ్."