మూరెడు దూరం

పద్దెనిమిదో గుంత ఆట మొదలయ్యేసరికి ఫర్గస్ నోరు తడారిపోయింది.

పోటీ సమానంగా ఉంది. మిగిలింది ఈ ఒక్క గుంతే. తక్కువ దెబ్బల్లో బంతిని ఇందులో వేసి ఎవరు గెలిస్తే పిట్‌కారీ గోల్ఫ్ క్లబ్బు ఛాంపియన్ వాళ్లే.

నిజానికి ఇంతదాకా రావలసింది కాదు. కాసేపటి క్రితం వరకు అలెక్ రెనీదే పైచేయి. చేపల కొట్టు నడిపే రెనీ దేనికీ తొణకని మనిషి. అలాంటివాడు పదిహేడో గుంతలో, ఏ గాలి సోకిందో, బంతిని తీసుకెళ్లి నేరుగా సముద్రంలో వేశాడు. అప్పటినుంచి ఫర్గస్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఊరంతా తాళ్ల వెనక నిలబడి చూస్తోంది. ఫర్గస్‌కిది నాలుగో ఫైనల్. కిందటి మూడుసార్లూ ఈ చివరి గుంత దగ్గరే ఓడిపోయాడు.

“నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేసుకోవడం మన ఫర్గస్‌కి అలవాటే,” అన్నారెవరో. నలుగురు నవ్వారు.

“వాళ్లని పట్టించుకోకు బావా,” అన్నాడు ఇన్నెస్. ఫర్గస్ భార్యకు తమ్ముడు. కర్రల సంచి మోస్తున్నది అతనే. “ఈసారి కప్పు ఇంటికి తేకపోతే అక్క ముఖం చూడలేను నేను.”

ఫర్గస్ సంచిలోంచి కర్ర తీసుకున్నాడు.

రెనీ ముందు కొట్టాడు. బంతి పోయి నిలువెత్తు ఇసుక గొయ్యిలో పడింది. జనం అయ్యో అన్నారు. అందరికంటే గట్టిగా ఫర్గస్ అన్నాడు.

“ఎదుటివాడి కష్టానికి ఎలా బాధపడుతున్నాడో చూడు, మంచి మనసు,” అంది ఒక ముసలావిడ.

ఇప్పుడు ఫర్గస్ వంతు. అరచేతుల చెమట ప్యాంటుకి తుడుచుకుని కొట్టాడు. బంతి వంకర తిరిగి కుడివైపు ముళ్లపొదల మీదికి పోయింది. అందులో పడిన బంతి ఇక దొరకదు. ఫర్గస్ ఊపిరి బిగబట్టి అటే చూశాడు. పొదల మధ్య ఉన్న బండరాయికి ఠంగుమని తగిలి, పైకెగిరి, బంతి చక్కగా పచ్చిక నడుమకు వచ్చి కూర్చుంది.

జనం కేకలు పెట్టారు. ఫర్గస్ కళ్లు మూసుకున్నాడు.

“దేవుడు మనవైపే ఉన్నాడు బావా.”

“నా భయమూ అదేరా.”

ఇన్నెస్ నవ్వాడు. సముద్రపుటొడ్డు ఆటలో అదృష్టాన్ని నమ్ముకున్నవాడు బాగుపడ్డ దాఖలా లేదు మరి.

గుంత ఉండే నున్నటి గడ్డి చదును, గ్రీన్‌కు ముందు వాగు అడ్డం. ఫర్గస్ తొమ్మిదో నంబరు కర్ర అడిగాడు.

“ఎదురుగాలి కొడుతోంది. తొమ్మిదితో కొడితే వాగులోకే. ఏడు తీసుకో.”

“తొమ్మిదే ఇవ్వు.”

“కంగారులో నీకు లెక్క తప్పుతోంది బావా. నా మాట విను.” ఏడో నంబరు అతని చేతిలో పెట్టి, సంచి భుజాన వేసుకుని ఇన్నెస్ పక్కకు జరిగిపోయాడు.

ఇంతమందిలో వాదిస్తే బాగుండదు. ఫర్గస్ కొట్టాడు. కర్ర బంతి నెత్తిన తగిలింది. బంతి పైకి లేవనేలేదు. నేలమీద కుందేలులా పరుగెత్తి, వాగు మీది చిన్న రాతివంతెన ఎక్కి, అవతలికి దిగి, గ్రీన్ మీద ఆగింది.

రెనీ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. “పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఇక్కడే ఆడుతున్నా. ఆ వంతెన మీద మనుషులు నడవడం చూశాగానీ బంతి నడవడం ఇదే చూడటం.”

“నేను కావాలని అలా కొట్టలేదు,” అన్నాడు ఫర్గస్.

“అది తెలుస్తూనే ఉందిలే.”

ఇసుకలో నానా తంటాలు పడి రెనీ ఐదు దెబ్బల్లో ముగించాడు. ఫర్గస్ మూడో దెబ్బ కాస్త జోరుగానే కొట్టాడు. గుంతను దాటిపోతుందనుకున్న బంతి, గాలి అడ్డుకోవడంతో మూరెడు దూరంలో ఆగిపోయింది.

మూరెడు. ఇది పడితే కప్పు అతనిదే. ఇంత దగ్గరుంటే పడినట్టే లెక్క అని ఎదుటివాడు ఒప్పేసుకోవడం ఈ ఆటలో మర్యాద. ఆ మాట అంటే ఆట అక్కడితో సరి. రెనీ టోపీ తీశాడు. నోరు తెరవబోయాడు.

ఫర్గస్ గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆ మాట అనకు రెనీ. నీ దయవల్ల గెలిచాననిపించుకోను. నన్ను కొట్టనీ.”

జనంలో గౌరవంగా ఒక గుసగుస పాకింది. గ్రీన్ అంచున భార్య మైరీ, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తోంది. ఫర్గస్ ఒక్కసారి ఆమె వంక చూసి వెంటనే తల దించుకున్నాడు.

వంగాడు. కొట్టాడు.

బంతి గుంత అంచు పట్టుకుని గిర్రున తిరిగింది. లోపలికా, బయటికా? బంతి బయటికి జారి, వాలులో దొర్లుకుంటూ అవతలి గడ్డిదాకా పోయింది. అక్కడినుంచి వేస్తే ఇంకా సమానమే. మళ్లీ కొట్టాడు. ఈసారి బంతి గుంత పక్కగా కూడా పోలేదు.

కప్పు రెనీదైంది.

ఇన్నెస్ సంచి కింద పడేసి తల పట్టుకున్నాడు. రెనీ వచ్చి చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. మైరీ నడిచొచ్చి భర్తను దగ్గరికి తీసుకుంది. ఫర్గస్ ఆమె భుజంలో ముఖం దాచుకున్నాడు. అతని వీపు కుదుపులు కుదుపులుగా కదులుతోంది. అంత మనిషి అలా అయిపోవడం చూడలేక జనం ముఖాలు తిప్పుకున్నారు.

“ఊరుకో,” అంది మైరీ అతని వీపు నిమురుతూ, “ఛాంపియన్ అయిన మరుక్షణం ఈ కర్రలన్నీ పారేసి, జన్మలో మళ్లీ గోల్ఫ్ జోలికి పోనని పెళ్లినాడు నాకిచ్చిన మాట వచ్చే ఏడైనా నిలబెట్టుకుందువుగాని.”